మేం చదివిన యాసిడ్, మావాడు పట్టుకున్న యాసిడ్

ఈ పోస్టు కొంచెం పెద్దది. టైం ఉన్నప్పుడే చదవండి, కానీ చివరి దాకా చదవండి. ముఖ్యంగా హాస్టల్లో ఉంటూ ఆదివారాలు పనికెళ్లే తమ్ముళ్లు తప్పకుండా చదవాలి. ఇందులో ఉన్న మా రూమ్మేట్‌ని అడిగే రాస్తున్నాం. పేరు వద్దన్నాడు, విషయం మాత్రం రాయమన్నాడు.

మేం గోపాలపట్నంలో హాస్టల్లో ఉంటాం. రూముకి నలుగురం. నలుగురం అరకు పైనుంచి వచ్చినవాళ్లమే, నలుగురం బీఎస్సీ కెమిస్ట్రీయే. మా నాలుగు ఇళ్లలోనూ కాలేజీ గుమ్మం ఎక్కింది మేమే మొదలు. మా అమ్మానాన్నలకి డిగ్రీ అంటే ఎన్నేళ్లో కూడా తెలీదు. ఊరెళ్తే "ఇంకా అవలేదేట్రా?" అని అడుగుతారు. అయిపోతుందమ్మా అంటాం.

రూములో నాలుగు స్టీలు పళ్లాలున్నాయి. ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్నవి. ఒక్కోదాని అంచు మీద ఒక్కో ఇంటి పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. ఫస్ట్ ఇయర్‌లో ఒకసారి మెస్సులో గిన్నెలు తోమే సబ్బు అయిపోయింది. మాలో ఒకడు తెలివిగా బాత్రూం కడిగే యాసిడ్ కొంచెం పోసి పళ్లెం తోమాడు. మొదట తళతళలాడింది. నాలుగు రోజులకి మెరుపు పోయి మసకబారింది. అంచు దగ్గర సూదితో పొడిచినట్టు రెండు చుక్కలు తేలాయి. స్టీలుకి తుప్పు పట్టదు కదా, ఇదేంటి అని నవ్వుకున్నాం. అప్పుడు వదిలేశాం. మూడో ఏడు ప్రాజెక్టు ఏం చెయ్యాలని సార్ అడిగినప్పుడు ఆ పళ్లెమే గుర్తొచ్చింది.

సార్‌కి చూపించాం. ఆయన నవ్వలేదు. "ఇదే చెయ్యండి. స్టెయిన్‌లెస్ స్టీలు యాసిడ్‌లో ఎందుకు ఓడిపోతుంది, దాన్ని ఆపడానికి ఏం కలపొచ్చు" అన్నారు. అలా మొదలైంది.

ముందు మాకు అర్థమైంది అర్థమైనట్టు చెప్తాం. మాకూ ఇవి కొత్తే.

మేం పెరిగిన ఊళ్ల పక్కనుంచే ఇనుప రాయి బండ్లు వెళ్తాయి. బైలదిల్లా కొండల్లో తవ్విన రాయి కిరండోల్ నుంచి అరకు మీదుగా, సొరంగాల్లోంచి కొత్తవలస దిగి విశాఖ వస్తుంది. ఆ లైను 1960ల్లో వేసిందే ఈ రాయిని పోర్టుకి చేర్చి జపాను పంపడానికి. చిన్నప్పుడు పశువుల్ని కాస్తూ ఆ డబ్బాలు లెక్కపెట్టేవాళ్లం. ఇప్పుడు ఇక్కడ సింహాచలం స్టేషను వైపు నుంచి రాత్రిళ్లు గూడ్సు చప్పుడు వినబడితే మా ఊరి బండే అనుకుంటాం.

ఇంకో మాట. విశాఖ ఉక్కు అంటే స్టెయిన్‌లెస్ స్టీలే అనుకునేవాళ్లం మేం. మా పళ్లాలు కూడా అక్కడే తయారయ్యాయి అనుకునేవాళ్లం. కాదు. 1966లో ఉద్యమం చేసి, 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది ఇళ్లకి వాడే కడ్డీలు, వైరు రాడ్లు, యాంగిళ్ల లాంటివి. అంటే మామూలు ఉక్కు. గిన్నెల ఉక్కు వేరు. మన దేశంలో స్టెయిన్‌లెస్ స్టీలుకి పేరున్న ప్రభుత్వ ఫ్యాక్టరీ తమిళనాడులో సేలంలో ఉంది.

రెండిటికీ తేడా క్రోమియం. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతుంటే, క్రోమియం కలిపిన ఉక్కు దొరికింది. అది తుప్పు పట్టట్లేదని గమనించాడు. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటేనే స్టెయిన్‌లెస్ అంటారు. మన గిన్నెలకి, హోటళ్ల బల్లలకి వాడే 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. సముద్రం దగ్గరికి, ఉప్పు గాలికి వాడే 316 రకంలో ఇంకా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుపుతారు. బీచ్ రోడ్డు వైపు బాల్కనీ రెయిలింగుల మీద టీ మరకల్లాంటి మచ్చలు చూసే ఉంటారు. అక్కడ 304 పెడితే ఆ గతే.

క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉక్కు మీద ఒక పొర కడుతుంది. ఎంత పల్చనంటే కొన్ని నానోమీటర్లే. కంటికి కనబడదు. గీత పడితే మళ్లీ తనంతట తనే కట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు బలమంతా ఆ పొరే. ఆ పొర కింద ఉన్నది మళ్లీ ఇనుమే, మా ఊరి పక్కనుంచి వెళ్లే రాయిలోని ఇనుమే.

బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. అందులో క్లోరైడ్ ఉంది. అది పొరలో బలహీనంగా ఉన్నచోట దూరుతుంది. ఒకచోట దూరిందంటే అక్కడే లోపలికి తొలుచుకుంటూ పోతుంది. పైన చుక్కే కనబడుతుంది, లోపల గొయ్యి. దాన్ని పిట్టింగ్ అంటారు. మామూలు ఇనుము తుప్పు పడితే ఒళ్లంతా ఎర్రబడి మనకి చెప్తుంది. స్టెయిన్‌లెస్ చెప్పదు. అందుకే అమ్మవాళ్లు ఆవకాయ జాడీలో పెడతారు, స్టీలు డబ్బాలో పెట్టరు. ఉప్పూ పులుపూ కలిసి నెలల తరబడి ఉంటాయి కాబట్టి. చదువుకోకపోయినా అది వాళ్లకి తెలుసు.

ఇప్పుడు ఇన్హిబిటర్ అంటే ఏంటో చూద్దాం. తెలుగులో నిరోధకం అనొచ్చు. యాసిడ్‌లో కొద్దిగా కలిపితే, అది లోహం మీద అతుక్కుని యాసిడ్ తగలకుండా అడ్డం పడుతుంది. ఫ్యాక్టరీల్లో ఉక్కు మీద పొక్కు తియ్యడానికి యాసిడ్ తొట్టెల్లో ముంచుతారు. పొక్కు పోవాలి కానీ ఉక్కు తినేయకూడదు. అందుకని హెక్సామిన్ లాంటివి కలుపుతారు. ఇలాంటి పదార్థాల్లో నైట్రోజన్, సల్ఫర్, ఆక్సిజన్ పరమాణువులుంటాయి. వాటి దగ్గర మిగులు ఎలక్ట్రాన్ల జంట ఉంటుంది. దాంతోనే లోహాన్ని పట్టుకుంటాయి. చాలావరకు ఖరీదైనవి, కొన్ని విషం కూడా. అందుకని ఆకులు, బెరడులు, కాయల రసాలతో చెయ్యొచ్చా అని ప్రపంచమంతా చూస్తున్నారు.

మేం కరక్కాయ తీసుకున్నాం. ఇందులో మా తెలివేం లేదు. మా ఇళ్లలో కరక్కాయలు ఏరి సంతలో జీసీసీకి అమ్మేవాళ్లం. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ అదే, విశాఖలోనే హెడ్డాఫీసు. కరక్కాయలో టానిన్ ఎక్కువ. పూర్వం అన్నభేది కలిపి దాంతోనే సిరా చేసేవారు. అంటే టానిన్‌కి ఇనుమంటే పట్టు. మా అమ్మ కత్తితో కరక్కాయ కొడితే కత్తి నల్లబడేది. తాతలు గొడ్డలికి ఇప్పనూనె రాసి చూరులో పెట్టేవారు. అదీ అడ్డుపొరే. ఇవన్నీ చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి ఆ చాప్టర్ మాకు తేలిగ్గా ఎక్కింది. ఇంగ్లీషులో ఉన్న పుస్తకంలో మొదటిసారి మా ఇల్లు కనబడింది.

పని ఇలా చేశాం. పాత ఇనుప సామాన్ల షాపులో 304 రేకు ముక్క కొని, చిన్న చిన్న బిళ్లలుగా కోయించాం. వీటిని కూపన్లంటారు. ఎమెరీ కాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, తూకం వేసి, దారం కట్టి యాసిడ్ బీకరులో వేలాడదీశాం. ఒక బీకరులో ఉత్త యాసిడ్. మిగతావాటిలో కరక్కాయ కషాయం తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. 24 గంటల తర్వాత తీసి, కడిగి, ఆరబెట్టి మళ్లీ తూకం. లెక్క సులువే. ఉత్త యాసిడ్‌లో 100 మిల్లీగ్రాములు పోయిందనుకోండి, కషాయం ఉన్న దాంట్లో 20 పోయిందనుకోండి. అంటే 80 కాపాడింది. 80 శాతం ఎఫిషియెన్సీ.

మామూలు ఇనుము బిళ్లలతో కూడా చేశాం. వాటి మీద కరక్కాయ బాగానే పనిచేసింది. 304 మీద కూడా తూకం తగ్గుదల తగ్గింది. ఎగిరి గంతేశాం. గ్రాఫు గీశాం. తర్వాత మాలో ఒకడు ఊరికే భూతద్దం పెట్టి చూశాడు. కషాయం తక్కువ వేసిన బిళ్ల మీద చుక్కలున్నాయి. మా పళ్లెం మీదున్నట్టే.

తూకం చూస్తే మంచి మార్కులు. బిళ్లని చూస్తే గోతులు. ఏం రాయాలి? అప్పటికి రాత్రి తొమ్మిదైంది. "తూకం టేబుల్ పెట్టేద్దాం, చుక్కలు ఎవరు చూస్తారు" అన్నామా లేదా అంటే, అన్నాం. అబద్ధమెందుకు.

మర్నాడు సార్ దగ్గరికెళ్లి బిళ్లలు బల్ల మీద పెట్టాం. ఆయన చాలాసేపు చూసి ఒక మాట చెప్పారు. ఇన్హిబిటర్లలో కొన్ని రకాలున్నాయి, క్రోమేటు, నైట్రైటు లాంటివి. అవి చాలినంత ఉంటే లోహమంతా కాపాడతాయి. చాలకపోతే ఎక్కడో కొంచెం మేర వదిలేస్తాయి. అప్పుడు దాడంతా ఆ కొంచెం మీదే పడుతుంది. అసలు వెయ్యకపోవడం కంటే అరకొరగా వెయ్యడం ఒక్కోసారి ప్రమాదం. "మీ కరక్కాయ కూడా అలాగే చేసిందని ఇప్పుడే అనకండి. మళ్లీ చేసి చూడండి. చుక్కలు మాత్రం రిపోర్టులో రాయండి" అన్నారు.

మళ్లీ చేసేలోపే ఇంకొకటి జరిగింది. అసలు ఈ పోస్టు దాని కోసమే.

మా నలుగురిలో నాలుగోవాడు ఆ నెలల్లో ల్యాబుకి సరిగ్గా వచ్చేవాడు కాదు. స్కాలర్‌షిప్ డబ్బులు లేటయ్యాయి. వాళ్ల చెల్లి ఇంటర్‌లో చేరాలి. ఆదివారాలు, సెలవులు దగ్గర్లో ఒక చిన్న షాపుకి పనికెళ్లేవాడు. స్టీలు రెయిలింగులు, గేట్లు చేసే షాపు. రోజు కూలి ఇచ్చేవారు. మేం అడిగితే "వెల్డింగు అయ్యాక పేస్టు రాసి తుడవడమేరా, కష్టం లేదు" అనేవాడు. మేం సరే అనేవాళ్లం. మా ప్రాజెక్టు పనిలో వాడి వాటా రాతలు మేం రాసిపెట్టేవాళ్లం. అదే వాడికి చేసిన పెద్ద సాయం అనుకునేవాళ్లం.

ఆ ఆదివారం సాయంత్రం వచ్చాడు. కుడిచేతి చూపుడువేలు చివర పసుపు పచ్చగా ఉంది. ఏట్రా అంటే "గ్లవుజు చిరిగిపోనాది, పేస్టు తగిలింది. నొప్పేటీ లేదు, కొంచెం చురుక్కుమంది. కడిగేసుకున్నాను" అన్నాడు. అన్నం తిన్నాడు. పడుకున్నాడు. రాత్రి పదకొండు దాటాక లేచి కూర్చున్నాడు. చెయ్యి పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. కేకలు వెయ్యట్లేదు. మనవాళ్లు తొందరగా కేకలెయ్యరు కదా. "గోరు కింద ఎముకలోకి ఏదో దిగుతున్నట్టుంది" అన్నాడు.

అప్పుడు మాకు వెలిగింది. మా ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలోనే ఉంది. మేం సొంత చేతులతో రాసిన వాక్యమే. వెల్డింగు వేడికి స్టెయిన్‌లెస్ మీద నీలం, గోధుమ రంగు పొర వస్తుంది. ఆ పొర కింద క్రోమియం తగ్గిపోయి ఉంటుంది. దాన్ని తీసేస్తేనే మంచి పొర మళ్లీ కట్టుకుంటుంది. తియ్యడానికి నైట్రిక్ యాసిడ్, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కలిపిన పేస్టు రాస్తారు. దాన్నే పిక్లింగ్ పేస్టు అంటారు. ఈ వాక్యం మేం రాసి నెలన్నర అయింది. ఆ నెలన్నరా మావాడు ప్రతి ఆదివారం ఆ పేస్టే రాస్తున్నాడు. మేం ఒక్కరోజు కూడా "ఆ డబ్బా మీద ఏం రాసుందిరా" అని అడగలేదు.

నైట్రిక్ తగిలితే చర్మం పచ్చబడుతుంది. అది కనబడే దెబ్బ. హైడ్రోఫ్లోరిక్ అలా కాదు. పల్చనిదైతే తగిలినప్పుడు పెద్దగా తెలీదు. గంటల తర్వాత నొప్పి మొదలవుతుంది. అందులోని ఫ్లోరైడ్ చర్మం దాటి లోపలికి పోయి కాల్షియంని పట్టుకుంటుంది. ఎముక దాకా వెళ్తుంది. ఎక్కువ మేర తగిలితే రక్తంలో కాల్షియం పడిపోయి గుండెకే ప్రమాదం.

షాపులో ఎవరికో ఫోను చేసి డబ్బా ఫొటో పెట్టించుకున్నాం. లేబుల్ సగం చిరిగుంది. మిగిలిన సగంలో ఆ పేరుంది. ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ మొదట కాలిన గాయం అనుకుని ఆయింట్‌మెంట్ రాయబోయారు. వాళ్ల తప్పని అనట్లేదు, పైకి అలాగే ఉంది. మేం ఫోను చూపించి "హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, మేడం" అన్నాం. గొంతు వణికింది. పెద్ద డాక్టర్లతో మాట్లాడ్డం మాకలవాటు లేదు. ఊళ్లో అయితే తలుపు దగ్గరే నిలబడతాం. కానీ ఆ పేరు వినగానే ఆవిడ ముఖం మారింది. లోపలికెళ్లి ఇంకొకరికి ఫోను చేశారు. కాల్షియం గ్లూకోనేట్ తెప్పించారు. వేలికి జెల్ పట్టించారు, తర్వాత ఇంజెక్షను ఇచ్చారు. తెల్లారేసరికి నొప్పి తగ్గింది. గోరు ఊడిపోయింది. వేలు మిగిలింది.

మూడేళ్లలో మేం చదివిన చదువు నిజంగా ఒక మనిషికి పనికొచ్చిన రోజేదంటే అదే. మేం ఆలస్యం చేసిన రోజు కూడా అదే.

ఆసుపత్రి బయట టీ కొట్టు దగ్గర కూర్చుంటే, కొట్టు నడిపే పెద్దమ్మ ఏమైందని అడిగింది. చెప్పాం. "మీరు గోపాలపట్నంలోనే కదా ఉంటారు, కెమికలంటే ఏటో మమ్మల్నడగండి బాబూ" అంది. ఆవిడ ఇల్లు అప్పట్లో వెంకటాపురం వైపు.

2020 మే 7. మేం అప్పుడు స్కూలు పిల్లలం, లాక్‌డౌన్‌కి ఊళ్లో ఉన్నాం. టీవీ ఉన్న ఇంటి ముందు ఊరంతా నిలబడి చూశాం. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. నిద్రలో ఉన్న జనం లేచి పరిగెత్తారు. రోడ్ల మీదే పడిపోయారు. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. పశువులు చచ్చిపోయాయి, చెట్ల ఆకులు మాడిపోయాయి. పెద్దమ్మ చెప్పింది ఒకటే మాట: "కళ్లు మండిపోతన్నాయి, ఏ పక్కకి పరిగెట్టాలో చెప్పినోడు లేడు."

ఆ రాత్రి రూముకొచ్చి మళ్లీ ఆ విషయం చదివాం. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అక్కడా ఇన్హిబిటరే.

స్టైరీన్ ద్రవం. దాన్ని ఊరికే ఉంచితే అణువులు ఒకదానికొకటి గొలుసులా అతుక్కుంటాయి. అలా అతుక్కునేటప్పుడు వేడి పుడుతుంది. వేడి పుడితే ఇంకా త్వరగా అతుక్కుంటాయి, ఇంకా వేడి. ఇది మొదలవకుండా టీబీసీ అనే నిరోధకం కలుపుతారు. పూర్తి పేరు టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్. పది లక్షల పాళ్లలో పది, పదిహేను పాళ్లు చాలు. కానీ అది ఖర్చవుతూ ఉంటుంది, చూసుకుంటూ మళ్లీ కలపాలి. అది పనిచెయ్యాలంటే ద్రవంలో కొంచెం ఆక్సిజన్ కూడా ఉండాలి. ట్యాంకుని చల్లగానూ ఉంచాలి. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగి ఉంది, ట్యాంకులో స్టైరీన్ నిల్వ ఉంది. నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన కమిటీ జులైలో ఇచ్చిన నివేదికలో టీబీసీ చాలినంత లేదని, ఉష్ణోగ్రతని సరిగ్గా గమనించలేదని, హెచ్చరిక సైరను మోగలేదని చెప్పింది.

ఉక్కుని కాపాడే ఇన్హిబిటరూ, ఇదీ ఒకటి కాదు. అది తుప్పుని ఆపుతుంది, ఇది గొలుసుని ఆపుతుంది. కెమిస్ట్రీ వేరు. కానీ మాకు బుర్రకెక్కింది ఒకటే. కాపాడేది కొంచెమే కావాలి, కానీ ఆ కొంచెం చాలినంత ఉండాలి, ఉందో లేదో ఎవరో ఒకరు రోజూ చూడాలి. చూడాల్సినవాడు చూడకపోతే దెబ్బ వాడికి తగలదు. గోడ అవతల పడుకున్నవాడికి తగులుతుంది. చిరిగిన గ్లవుజు వేసుకున్నవాడికి తగులుతుంది.

మావాడి విషయంలో చూడాల్సినవాళ్లం మేం కూడా. షాపు ఆయన తప్పు ఆయనది. గ్లవుజులు చిరిగినవి ఇచ్చాడు, డబ్బాలో ఏముందో చెప్పలేదు, తర్వాత రెండు వేలు చేతిలో పెట్టి రేపట్నించి రావద్దన్నాడు. కానీ ఒకే గదిలో పడుకుని, అదే యాసిడ్ గురించి గ్రాఫులు గీస్తున్న మేం ఏం చేశాం? పుస్తకంలో యాసిడ్ వేరు, మావాడి చేతిలో యాసిడ్ వేరు అనుకున్నాం. చదువంటే పరీక్షకి రాసేది, పని అంటే బతకడానికి చేసేది అని రెండు అరల్లో పెట్టేసుకున్నాం. మన ఇళ్లలో మొదటిసారి చదువుకుంటున్న అందరం ఇలాగే పెట్టుకుంటామేమో. ఆ రెండు అరల మధ్య ఖాళీలోనే మావాడి వేలు నలిగింది.

వాళ్ల నాన్న కిరండోల్ పాసింజర్‌లో వచ్చాడు. వేలు చూశాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మీరు చదువుకున్నారు కాబట్టి వేలు దక్కింది బాబూ" అన్నాడు. తిట్టినా బాగుండేది. మేం తలెత్తలేకపోయాం. ఎవరం చెప్పలేదు ఆయనకి, ముందే తెలుసని.

కొడుకుని ఊరికి తీసుకెళ్లిపోయాడు. ఆ సెమిస్టరు పరీక్షలు పోయాయి. వెళ్లేటప్పుడు మావాడు బట్టలు సర్దుకున్నాడు కానీ పళ్లెం వదిలేశాడు. మర్చిపోయాడో, వస్తానని వదిలాడో అడగలేదు.

ప్రయోగం మళ్లీ చేశాం. కషాయం చాలినంత వేస్తే 304 బిళ్ల మీద చుక్కలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. అలాగే రాశాం. కరక్కాయ గొప్పదని రాయలేదు, పనికిరాదనీ రాయలేదు. భూతద్దంలో కనబడినవి బొమ్మ గీసి పెట్టాం. రిపోర్టు చివర సార్‌ని అడిగి ఒక పేజీ కలిపాం, పిక్లింగ్ పేస్టు వాడేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలని, తెలుగులో. రిపోర్టు ఇంగ్లీషులోనే ఉండాలి కదా అంటే, ఈ ఒక్క పేజీ ఉండనివ్వండి అన్నారు. ఆ పేజీ జిరాక్సు తీసి చుట్టుపక్కల వెల్డింగు షాపులకి ఇచ్చాం. కొందరు తీసుకున్నారు. కొందరు "చదువుకోండి బాబూ, మాకు చెప్పకండి" అన్నారు. ఒక కుర్రాడు మాత్రం, మనవాడే, మాట బట్టి గుర్తుపట్టాం, పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ పేజీలో ఉన్నవే ఇక్కడ కూడా చెప్తున్నాం. పనికెళ్లే తమ్ముళ్లు గుర్తు పెట్టుకోండి.

మీ చేతికిచ్చిన డబ్బాలో ఏముందో పేరు అడగండి. లేబుల్ ఫొటో ఫోనులో ఉంచుకోండి. డాక్టరుకి మీరు చెప్పాల్సింది నొప్పి ఒక్కటే కాదు, ఆ పేరు కూడా.

స్టీలు తెల్లగా చేసే పేస్టు, ద్రవం ఏదైనా తగిలితే నొప్పి లేదని ఊరుకోకండి. వెంటనే ధారగా నీళ్లతో కడిగి, ఉంగరం, వాచీ తీసేసి, అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. హైడ్రోఫ్లోరిక్ అని చెప్పండి, కాల్షియం గ్లూకోనేట్ ఉందా అని అడగండి. అడగడానికి సిగ్గుపడకండి. బండి లేకపోతే 108కి ఫోను చెయ్యండి.

నీళ్లలో యాసిడ్ పోయండి, యాసిడ్‌లో నీళ్లు పోయకండి. హాస్టల్ బాత్రూముల్లో యాసిడ్ పోసినచోట బ్లీచింగ్ పౌడరు చల్లకండి, క్లోరిన్ గ్యాసు వస్తుంది. తినే పళ్లాలకి యాసిడ్ ముట్టించకండి, మా పళ్లెం సాక్షి.

చివరగా రూమ్మేట్లకి ఒక మాట. మీ పక్క మంచం మీదవాడు ఆదివారం ఎక్కడికెళ్తున్నాడో, ఏం పట్టుకుంటున్నాడో అడగండి. వాడు "కష్టం లేదు" అంటే రెండోసారి అడగండి. మనకి ఇంటి దగ్గర అడిగేవాళ్లున్నారు కానీ వాళ్లకి ఈ ఊరు తెలీదు. ఇక్కడ మనకి మనమే.

మావాడితో మొన్న ఫోనులో మాట్లాడాం. కొత్త గోరు వస్తోందట, కొంచెం వంకరగా. కాఫీ పళ్ల కోతలో ఉన్నాడు. పోయిన పరీక్షలకి ఫీజు ఎప్పుడు కట్టాలని వాడే అడిగాడు. మేం ముగ్గురం తలా కొంత వేసుకుని కట్టేశాం, వాడికి చెప్పలేదు. ఈ పోస్టు చూస్తే తెలుస్తుంది, తెలియనీ. కోత అవగానే వస్తానన్నాడు. పళ్లెం కడిగి పెట్టాం, సబ్బుతోనే.

జోహార్.